పైత్యరసమునకు క్షారము ఎచ్చటినుండి వచ్చును?

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున, గచ్చిబౌలి సౌధములను దాటి కొంత దూరము పోయినచో గోపన్‌పల్లి వచ్చును. టాటా మౌలిక పరిశోధన సంస్థవారి హైదరాబాదు కేంద్రము ఇచ్చటనే కలదు. 2010లో దానికి శంకుస్థాపన జరిగినది. 2017లో పరిశోధకులు ఈ ఆవరణలోనికి వచ్చిరి. భౌతిక, రసాయన, జీవశాస్త్రములు ఒకే కప్పు క్రింద పనిచేయవలెనన్నది ఈ కేంద్రమును స్థాపించినవారి సంకల్పము. ఇచ్చటికి కొలది కిలోమీటర్ల దూరముననే, గచ్చిబౌలిలో, ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గాస్ట్రో ఎంటరాలజీ ఆసుపత్రి యున్నది. నోటి గుండా సన్నని గొట్టమును పంపి, పైత్యనాళములో చిక్కుకొన్న రాళ్లను కోత లేకుండ తీయు విద్యకు ఆ సంస్థ పేరు పొందినది. ఒకచోట అణువు, వేరొకచోట రోగి. ఈ రెంటి నడుమ నున్న ఒక చిన్న కణమును గురించి ఈ వ్యాసములో చెప్పదలచినాము. అది పైత్యనాళము లోపలి గోడకు అతికియుండు కణము.

ఉన్నత పాఠశాలలో పైత్యరసమును గురించి విద్యార్థులు చదువుదురు. అది కాలేయములో పుట్టును, పిత్తాశయములో నిలువయుండును, కొవ్వును చిన్న చిన్న బిందువులుగా విడగొట్టును, దానికి క్షారగుణము కలదు, అని పాఠము చెప్పును. ఈ చివరి మాట దగ్గర చురుకైన విద్యార్థి ఎవరైనను లేచి, "క్షారము ఎచ్చటినుండి వచ్చినదండీ?" అని అడిగినచో ఉపాధ్యాయుడు సంతోషింపవలెను. ఏలయన, ఆ ప్రశ్నకు సరియైన సమాధానము దొరకుటకు శాస్త్రజ్ఞులకు సుమారు నూరేండ్లు పట్టినది. అందులో ముఖ్యమైన భాగము భీమవరములో పుట్టిన ఒక తెలుగువాని చేతులమీదుగా నడచినది.

కథ 1902 జనవరిలో లండన్ యూనివర్సిటీ కాలేజీలో మొదలగును. బేలిస్, స్టార్లింగ్ అను ఇద్దరు శరీరధర్మ శాస్త్రజ్ఞులు ఒక కుక్క చిన్న ప్రేవులోని కొంత భాగమునకు నరముల సంబంధమును తెంచి, అందులో ఆమ్లమును పోసిరి. నరములు లేకున్నను క్లోమగ్రంథి రసమును స్రవించెను. అనగా ప్రేవునుండి ఏదో రసాయన పదార్థము రక్తములో కలిసి, గ్రంథికి కబురు చేర్చినదన్న మాట. దానికి వారు సెక్రెటిన్ అని పేరు పెట్టిరి. 'హార్మోను' అను మాటను స్టార్లింగ్ 1905లో ప్రవేశపెట్టెను. ఆ మాటకు తొలి ఉదాహరణము సెక్రెటినే. ఈ సెక్రెటిన్ పైత్యరసపు ప్రవాహమును గూడ హెచ్చించుచున్నదని వారు అప్పుడే గమనించిరి. గాని ఆ గమనిక చాలకాలము మూలనే యుండిపోయెను. క్లోమము కథ అంత ఆకర్షకముగా నుండగా పైత్యము వైపు చూచువారెవరు?

హెచ్చిన ఆ పైత్యరసము నీరువలె పలుచనై, బైకార్బొనేటుతో నిండియుండును. బైకార్బొనేటు అనగా మన ఇండ్లలోని వంటసోడాలో నుండునదే. అయితే అది కాలేయ కణములనుండి వచ్చుచున్నదా, లేక రసము పారు నాళములనుండియా? నాళమనగా వట్టి గొట్టమేనని అంతవరకు అనేకుల తలంపు. 1966లో వీలర్, మాంకూసీ-ఉంగారో అనువారు కుక్కలపై చేసిన ప్రయోగములు సెక్రెటిన్ ప్రభావము నాళముల మీదనే యని చూపినవి. కాలేయములోని కణములన్నిటిలో నాళకణములు నూటికి మూడు నుండి అయిదు మాత్రమే. అయినను మనిషి రోజునకు స్రవించు అరలీటరుకు పైబడిన పైత్యరసములో దాదాపు నాలుగవ వంతు ఈ కొద్దిపాటి కణముల పనియే యని అంచనా.

గొట్టమనుకొన్నది గ్రంథి యని తేలినది. ఇక, గ్రంథి పనిచేయు తీరు ఎట్టిది?

కణమును చుట్టియుండు పొర రెండు వరుసల కొవ్వు అణువులతో ఏర్పడినది. నీటిలో కరగిన లవణము విద్యుదావేశము గల అయానులుగా విడిపోవును గదా. అట్టి అయాను కొవ్వు పొరను తనంత తాను దాటలేదు. నూనెలో ఉప్పు కరగకపోవుట వంటింటిలో అందరు చూచినదే. కనుక పొరలో ప్రత్యేకమైన దారులుండవలెను. అట్టి దారులలో మిక్కిలి సరళమైనది గ్రామిసిడిన్. 1939లో ద్యూబో అను శాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవినుండి దీనిని తీసెను. పదునైదు అమైనో ఆమ్లముల గొలుసులు రెండు, తలకు తల ఆనించి నిలిచినచో పొరలో సన్నని బెజ్జము ఏర్పడును. దాని గుండా సోడియము, పొటాషియము అయానులు జారిపోవును. హైదరాబాదులోని కణ, అణుజీవశాస్త్ర కేంద్రములో అమితాభ చటోపాధ్యాయ ఈ గ్రామిసిడిన్ పొరలో ఎట్లు చుట్టుకొనునో అనేక సంవత్సరములు పరిశీలించిరి.

కాని దారి యున్నంత మాత్రమున ప్రవాహముండదు. కాలువకు తూము ఉన్నను, చెరువులో నీరు పైన నిలిచియుండవలెను గదా! అయానులను ఒకవైపు ఎక్కువగా, రెండవవైపు తక్కువగా నిలుపుటకు శక్తి కావలెను. ఆ శక్తి ఎచ్చటిది? ఇక్కడనే మన భీమవరపు మనిషి ప్రవేశించును.

ఎల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరములో జన్మించెను. రాజమండ్రిలో చదువు సాగలేదు. మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నములో, మద్రాసులో గట్టెక్కెను. మద్రాసు వైద్య కళాశాలలో చదువుచు ఖద్దరు కట్టినందున శస్త్రవైద్య ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే పొందెను. స్ప్రూ అను గ్రహణి వ్యాధి ఆయన సోదరులనిద్దరిని బలిగొన్నది, ఆయననుగూడ పీడించినది. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారు చేసిన సాయముతో 1923 అక్టోబరులో బోస్టను చేరెను. అచ్చటి ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రము చేసి పొట్ట పోసుకొనుచు ఉష్ణమండల వైద్యములో డిప్లొమా పుచ్చుకొని, హార్వర్డు విశ్వవిద్యాలయ జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్ వద్ద చేరెను.

ఫిస్క్ అప్పగించిన పని చూచుటకు చిన్నది. రక్తములో, మూత్రములో భాస్వరము ఎంత యున్నదో కొలుచుటకు సులభమైన పద్ధతి కావలెను. 1925లో ప్రకటింపబడిన ఫిస్క్-సుబ్బారావు పద్ధతి ఇట్లుండును: పరీక్షింపవలసిన ద్రవములో ఆమ్లమును, మాలిబ్డేటు లవణమును కలిపినచో ఫాస్ఫేటు మాలిబ్డేటుతో కూడును, దానిని తగిన పదార్థముతో క్షయకరణము చేసినచో నీలిరంగు పుట్టును. నీలము ఎంత గాఢమో ఫాస్ఫేటు అంత. రంగును రంగుతో పోల్చిచూచుటయే పని. ఇంత తేలికైన పద్ధతి గనుకనే అది ప్రపంచములోని ప్రయోగశాలలన్నిటికిని ప్రాకినది.

ఈ పద్ధతితో కండరము నుండి తీసిన రసమును పరీక్షించుచుండగా ఒక వింత కనబడెను. నీలిరంగు వెంటనే స్థిరపడక, నిమిషములు గడచినకొలది చిక్కనగుచుండెను. మరొకడైనచో పాత్ర సరిగా కడుగలేదని త్రోసివేసియుండును. ఫిస్క్, సుబ్బారావులు అట్లు చేయలేదు. రంగు మెల్లగా హెచ్చుచున్నదనగా, ఏదో పదార్థములో కట్టుబడియున్న ఫాస్ఫేటు ఆ ఆమ్లములో క్రమక్రమముగా విడివడుచున్నదన్న మాట. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో దానిని ప్రకటించిరి. అదే సమయమున ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు గూడ దీనిని వేరుగా గుర్తించిరి. కండరము సంకోచించుటకు లాక్టిక్ ఆమ్లమే మూలమన్న సిద్ధాంతమునకు 1922లో నోబెల్ బహుమానము వచ్చియున్నది. అయిదేండ్లు తిరుగకముందే దాని పునాది కదలినది.

రెండేండ్ల తరువాత, 1929లో, అంతకంటె పెద్ద ఫలితము వచ్చినది. 'సైన్స్' పత్రికలో ఫిస్క్, సుబ్బారావులు ప్రకటించిన ఆ చిన్న వ్యాసపు శీర్షికలోనే కండరముతోబాటు కాలేయము పేరు గూడ నున్నది. అందులో వర్ణింపబడినది ఎడినోసిన్ ట్రైఫాస్ఫేటు, పొట్టిగా ఎ.టి.పి. జర్మనీలో కార్ల్ లోమన్ కొలది వారములు ముందుగా దీనినే ప్రకటించియుండుటచే మొదటి గౌరవము సాధారణముగా ఆయనకు దక్కుచున్నది. రెండు ఆవిష్కరణములు స్వతంత్రముగా జరిగినవే. కణములు శక్తిని నాణెములవలె ఎ.టి.పి. రూపములో చలామణీ చేయునన్న భావమును 1941లో లిప్‌మన్ స్పష్టపరచెను. సుబ్బారావునకు హార్వర్డులో స్థిరమైన ఉద్యోగము లభింపలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి పోయెను. 1948 ఆగస్టులో 53 ఏండ్లకే మరణించెను. లెడర్లీలో ఆయన పర్యవేక్షణలో వచ్చిన మందుల కథ వేరొక వ్యాసమునకు తగినది.

ఎ.టి.పి. లోని శక్తికి, పొరకు ముడి వేసినవాడు డెన్మార్కు దేశస్థుడు యెన్స్ స్కౌ. సముద్రతీరపు పీతల కాళ్లలోని నరములను నూరి, అందులోని పొరల తునుకలు ఎ.టి.పి.ని విడగొట్టునా యని చూచెను. సోడియము, పొటాషియము రెండును ఉన్నప్పుడే అవి చురుకుగా విడగొట్టినవి. 1957లో ప్రకటించిన ఈ ఫలితమునకు 40 ఏండ్ల పిమ్మట, 1997లో, నోబెల్ బహుమానములో భాగము లభించెను. ఈ యంత్రము ఒక్కొక్క ఎ.టి.పి. అణువును ఖర్చుచేసి మూడు సోడియము అయానులను వెలుపలికి నెట్టి, రెండు పొటాషియము అయానులను లోనికి లాగును. ఇట్టి పంపుల వేగమును కొలుచుటయనగా విడిపోయిన ఫాస్ఫేటును కొలుచుటయే. అందుకు అనేక ప్రయోగశాలలు దశాబ్దముల తరబడి వాడినది ఆ నీలిరంగు పద్ధతియే.

ఇప్పుడు పైత్యనాళ కణమును దగ్గరగా చూతము. దానికి రెండు ముఖములు కలవు. రక్తము వైపునున్నది అడుగు ముఖము. నాళములో పారు రసము వైపునున్నది పై ముఖము. సోడియము పంపు అడుగు ముఖమున నుండును. అది రేయింబవళ్లు సోడియమును వెలుపలికి తోడుచుండుటచే, సోడియము ఎప్పుడును లోనికి రావలెనని ఒత్తిడి చేయుచుండును. ఆ ఒత్తిడిని వాడుకొని అడుగు ముఖముననే మరియొక వాహకము సోడియము, పొటాషియములతోపాటు రెండేసి క్లోరైడు అయానులను లోనికి తెచ్చును. లోపల చేరిన పొటాషియము కొంత వెలుపలికి జారిపోవుటచే కణాంతర్భాగము ఋణావేశముతో నుండును. క్లోరైడుకూడ ఋణావేశము గలదే గనుక, పై ముఖమున తలుపు తెరచినచో అది నాళములోనికి దుముకుటకు సిద్ధముగా నుండును. గోదావరి కాలువలమీద లాకులు చూచినవారికి ఈ ఏర్పాటు క్రొత్తగా తోచదు. నీరు పైన నిలిచియున్నది, లాకు తలుపు మూసియున్నది, తెరచువాడు రావలెను.

తెరచువాడు సెక్రెటిన్. కాని అది కణములోనికి రాదు, అడుగు ముఖమును తట్టి కబురు చెప్పును. ఆ కబురును లోపల మోయునది సైక్లిక్ ఎ.ఎం.పి. అను చిన్న అణువు. సదర్లాండు 1958లో దీనిని కనుగొనెను. 1971లో నోబెల్ బహుమానము పొందెను. ఆయన పని కాలేయముతోనే సాగినది. ఈ దూత తయారగుటకు ముడిసరకు ఎ.టి.పి.యే!

ఇక తలుపు మిగిలినది. దాని ఆచూకి పైత్యనాళములో పనిచేయువారికి దొరకలేదు; బిడ్డలకు వచ్చు ఒక వంశపారంపర్య వ్యాధి ద్వారా దొరికినది. ఐరోపా జాతులలో ఎక్కువగా కనిపించు సిస్టిక్ ఫైబ్రోసిస్ అను ఈ జబ్బులో ఊపిరితిత్తులలోను, క్లోమములోను స్రావములు జిగురుగా గట్టిపడును. చెమట మిక్కిలి ఉప్పగా నుండును. మన దేశమున అరుదని భావించుటచేత చాలకాలము దీనికై వెదకినవారు తక్కువ. ఇప్పుడు మన బిడ్డలలోను గుర్తించుచున్నారు. 1983లో పాల్ క్వింటన్ చెమట నాళము క్లోరైడును దాటనీయకపోవుటయే దోషమని చూపెను. 1989లో లాప్-చీ ట్సుయీ, రియోర్డన్, కాలిన్స్ బృందములు ఏడవ క్రోమోసోముపై ఆ జన్యువును పట్టుకొనిరి. 1480 అమైనో ఆమ్లముల ఆ ప్రోటీనుకు సి.ఎఫ్.టి.ఆర్. అని పేరు. రోగులలో అధికభాగమునకు అందులో 508వ స్థానమునందలి ఒక్క అమైనో ఆమ్లము లోపించియుండును. పదునాలుగు వందల ఎనుబదిలో ఒక్కటి!

కాలేయములో ఈ ప్రోటీను ఎచ్చట నున్నదని 1993లో వెదకగా, కాలేయ కణములలో లేదు. పైత్యనాళ కణముల పై ముఖమున మాత్రమే కనబడినది. అదే సంవత్సరమున గ్రెగరీ ఫిట్జ్ బృందమువారు, సన్నని గాజు గొట్టపు మొనను కణముపై ఆనించి విద్యుత్ప్రవాహమును కొలుచు పద్ధతితో, ఎలుక పైత్యనాళ కణములలోని క్లోరైడు ప్రవాహములను వర్ణించిరి. అంతకు ముందు, 1989లో, ఎలుక కాలేయము నుండి ఈ కణములను వేరుచేయు ఉపాయము లరూసో ప్రయోగశాలలో కుదిరియుండుట ఇట్టి పనులకు దారి తీసినది. నూటికి నాలుగైదు కణములను తక్కినవాటినుండి ఏరుట బియ్యములో రాళ్లు ఏరినట్టి పనియే.

సి.ఎఫ్.టి.ఆర్. తలుపు తెరచుకొనుటలో రెండు మెట్లు కలవు. ముందు, ఎ.టి.పి. నుండి తెచ్చిన ఫాస్ఫేటు దానికి తగిలింపబడవలెను, సైక్లిక్ ఎ.ఎం.పి. ప్రేరేపించునది ఈ పనినే. పిమ్మట ఎ.టి.పి. అణువులే వచ్చి తలుపు అడుగున కుదురుకొనగా అది తెరచుకొనును. వాటిలో ఒకటి విడిపోగా మూసుకొనును. సుబ్బారావు కాలేయములో చూచిన పదార్థము పంపునకు ఇంధనము, దూతకు ముడిసరకు, తలుపునకు తాళపుచెవి. ఒక్క పదార్థమును ప్రకృతి ఇన్ని పనులకు పెట్టుకొన్నదని 1929లో ఎవరును ఊహించియుండరు.

బయటికి పోయినది క్లోరైడు గదా, బైకార్బొనేటు మాటేమని విద్యార్థి మరల అడుగవచ్చును. కణములో కార్బన్ డైఆక్సైడు నీటితో కలిసి బైకార్బొనేటు, హైడ్రోజను అయానులుగా మారుట నిరంతరము జరుగును. కార్బానిక్ ఆన్‌హైడ్రేజ్ అను ఎన్‌జైము దానిని వేగిరపరచును. పై ముఖమున ఎ.ఇ.2 అను వినిమయకారి ప్రోటీను ఒకటి కలదు. అది నాళములో చేరిన క్లోరైడును ఒకటి లోనికి పుచ్చుకొని బైకార్బొనేటును ఒకటి బయటికి ఇచ్చును. అంగడిలో చిల్లర మార్చినట్లే. వెలుపల క్లోరైడు లేనిదే మారకము సాగదు. కనుక ముందు తలుపు తెరచుకొనవలెను. అయానుల వెంట నీరు ప్రత్యేకమైన నీటిదారుల గుండా పోవును. పాఠములోని క్షారమునకు ఇదే జన్మస్థానము.

ఈ క్షారము ఆహారము జీర్ణమగుటకు మాత్రమే యనుకొందుము. 2010లో ఆమ్‌స్టర్‌డాంకు చెందిన బోయర్స్, ఆయన సహచరులు మరియొక ఉపయోగమును ప్రతిపాదించిరి. పైత్యలవణములు సబ్బువంటివి, కొవ్వును చెదరగొట్టునవి కణపు పొరను మాత్రము విడుచునా? ద్రవము క్షారముగా నున్నంతవరకు అవి అయానులుగా నుండి పొరను చొరలేవు. ఆమ్లత్వము కొంచెము హెచ్చినచో హైడ్రోజనును పుచ్చుకొని ఆవేశము పోగొట్టుకొని లోనికి జొరబడి కణమును చంపును. కనుక నాళకణములు తాము స్రవించు బైకార్బొనేటుతో తమపై గొడుగు పట్టుకొనుచున్నవని వారి భావము. దీనికి వెనుకటి సాక్ష్యమొకటి కలదు. నడివయసు స్త్రీలలో ఎక్కువగా వచ్చు ఒక పైత్యనాళ వ్యాధిలో సన్నని నాళములు క్రమముగా నశించి, కాలేయము గట్టిపడిపోవును. ఆ రోగుల కాలేయములలో ఎ.ఇ.2 తక్కువగా నున్నట్లు స్పెయిన్‌లోని నవార్రా పరిశోధకులు 1993లోనే చూపియుండిరి. గొడుగు సిద్ధాంతము ఇంకను పూర్తిగా నిరూపితము కాలేదు గాని, విషయమును ఇంత చక్కగా కూర్చి చూపినది మరొకటి లేదని మా అభిప్రాయము.

సి.ఎఫ్.టి.ఆర్. చెడిన బిడ్డలలో పైత్యము చిక్కబడి నాళములు మూసుకొనిపోవును. కొందరిలో కాలేయము చెడును. చెడిన తలుపును సరిదిద్దు మందు మొదటిది 2012లోను, మూడు మందుల మిశ్రమము 2019లోను అమెరికాలో అనుమతి పొందినవి. వాటి ఖరీదు సామాన్య కుటుంబమునకు అందునది కాదు. పైగా కొన్ని రకముల జన్యుదోషములలో తలుపే తయారు కాదు గనుక, సరిదిద్దుటకు ఏమియు నుండదు.

అందుచేత మరియొక తలుపు ఉన్నదా యని వెదకిరి. ఉన్నది. పైత్యరసము పారునప్పటి ఒరపిడికి, కణము ఉబ్బినప్పటి ఒత్తిడికి నాళకణములు కొంత ఎ.టి.పి.ని బయటికి వదలును. ఎ.టి.పి. కణముల వెలుపల సంకేతముగా పనిచేయునని బర్న్‌స్టాక్ 1972లో వాదించినపుడు చాలమంది నవ్విరి. ఇంత విలువగల ఇంధనమును ఎవరైన వీధిలో పారబోయుదురా యని. పైత్యనాళములో జరుగుచున్నది అదియే. వెలుపలి ఎ.టి.పి. పై ముఖమును తాకగా కణములో కాల్షియము హెచ్చి, వేరొక క్లోరైడు తలుపు తెరచుకొనును. ఈ తలుపు ప్రోటీనును 2008లో మూడు బృందములు వేరువేరుగా గుర్తించినవి. దాని పేరు టి.ఎం.ఇ.ఎం. 16ఎ. పైత్యనాళ కణములలో అది యున్నదనియు, ఎ.టి.పి.కి స్పందించుచున్నదనియు 2011లో దత్తా, ఫెరాన్‌చాక్‌లు చూపిరి. ఇది సి.ఎఫ్.టి.ఆర్. మీద ఆధారపడినది కాదు. దీనిని మందుతో తెరువగలిగినచో మొదటి తలుపు లేని బిడ్డల నాళములలోను రసము పారవచ్చును.

ఎ.టి.పి. కణమునుండి బయటికి ఎట్లు వచ్చునన్న దానిపై చర్చ ముగియలేదు. సూక్ష్మమైన సంచులలో నిండి, ఆ సంచులు పై ముఖమున పగులుట ఒక దారి యని నాళకణములలోనే రుజువులు దొరికినవి. సి.ఎఫ్.టి.ఆర్.కు గూడ ఇందులో పాత్ర కలదని 2007లో ఎలుకలపై పనిచేసిన ఒక బృందము చెప్పినది. అదే నిజమైనచో మొదటి తలుపు చెడినపుడు రెండవదానికి కబురు పోవుటకూడ తగ్గును, మందు ఎ.టి.పి. కొరకు ఎదురుచూడక నేరుగా రెండవ తలుపుమీదనే పనిచేయవలసి యుండును. అట్టి మందు ఇంకను చేతికి రాలేదు.